మూడుసార్లు ఓడాడు

పిల్లలకు బైబిల్లోని అపొస్తలుడి ప్రయాణాలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను బెత్తం దగ్గర మొదలుపెడతాను. ఆయన మూడుసార్లు బెత్తం దెబ్బలు తిని కూడా దేశాలు తిరిగాడు. నేను ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి చేత ఒకే రోజు మూడు దెబ్బలు తిని ఇంటికి తిరిగాను. ఇద్దరం తిరిగినవాళ్ళమే. ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నా పేరు మాత్రం ఆ వారంలోనే హాజరు పట్టీలోంచి ఎగిరిపోయింది. మర్నాటినుంచి మా పిన్ని కుట్టుమిషను దగ్గర కూర్చున్నాను. ఇంకా లేవలేదు.

అలా బెత్తానికి భయపడి పారిపోయిన నన్ను, టెక్సాస్‌లో తొమ్మిదిమంది పిల్లలు "టీచరాంటీ" అని పిలుస్తారు. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, టీచరెవరో వచ్చిందేమో లేచి నిలబడదామని.

కాపెల్‌లో వేరే చర్చివాళ్ళ పక్క హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటుంది. పెద్దవాళ్ళు హాల్లో పాటలు పాడుతుంటే, పిల్లల్ని వెనకగదిలో నాకు అప్పగిస్తారు. హాలు నిండా పెద్ద చదువుల వాళ్ళే. అయినా తెలుగులో కథ చెప్పి, తెలుగు అక్షరాలు దిద్దించే ఓపిక నాకే ఉందట. ఓపిక అని వాళ్ళంటారు, వాళ్ళకు తీరిక లేదని నేనంటాను. వారమంతా ఫ్రిస్కోలో మా అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఆడవాళ్ళకు జాకెట్లు కుడతాను. ఆ అపొస్తలుడు డేరాలు కుట్టి బతికాడు. "మా ఇద్దరిదీ ఒకటే పని, ఆయనది కాస్త లూజు ఫిటింగు" అని పిల్లలకు చెబితే నా మొహం చూస్తారు. ఇంటికి వెళ్ళి అమ్మలకు చెబుతారు. సోమవారం అమ్మలు ఫోను చేసి నవ్వుతారు.

చిక్కంతా ఫ్రిస్కో నుంచి కాపెల్ వెళ్ళడంలోనే ఉంది. ఇక్కడ కారు లేనివాడు కాళ్ళు లేనివాడే. మా ఆయనకు ఆదివారం గ్యాస్ స్టేషన్‌లో డ్యూటీ, ఉన్న ఒక్క కారూ ఆయనతోపాటే డ్యూటీకి వెళ్ళిపోతుంది. నాలుగేళ్ళుగా నన్ను చర్చికి తీసుకెళ్ళింది మా పక్క బ్లాకులో ఉండే అక్క. కరీంనగర్ మనిషి. వరస కలవకపోయినా అక్కే. కారెక్కగానే నా బెల్టు తనే లాగి పెడుతుంది, నేను చంటిపిల్లనైనట్టు.

ఒక ఆదివారం ఆ బెల్టు పెడుతూనే చెప్పింది.

"ఏమే, మా ఆయనకి చాండ్లర్‌ల చిప్పుల కంపెనీల జాబ్ వచ్చింది. ఆరు వారాలల్ల పోతున్నం."

"చిప్సా? ఆలూవా, అరటికాయవా అక్కా?"

"నోర్ముయ్. కంప్యూటర్ చిప్పులు."

నవ్వాను గానీ, 121 హైవే ఎక్కేసరికి నవ్వు ఆగిపోయింది. "మరి నా రైడు?"

"గదే చెప్తున్న. గీ పాత కారు అరిజోనా ఎండకి ఆగదంట. నీకిచ్చి పోత. నేను పోయేలోపల లైసెన్స్ తెచ్చుకుంటే కారు నీది. తెచ్చుకోకపోతే అమ్మేస్త. మల్ల ఏడ్వొద్దు."

ఆ మాట పాస్టరు గారికి చెబితే, ఆయన చాలా దయగా తలూపారు. "చెల్లెమ్మా, మీరు రాలేని పక్షంలో పిల్లలకు ఇంగ్లీషు వీడియోలు పెడదాం. ఏదైనా దేవుని చిత్తమే."

దేవుని చిత్తానికి నేనెప్పుడూ అడ్డు చెప్పను. టీవీ చిత్తానికి మాత్రం అడ్డు పడదామనుకున్నాను. పిల్లలు కథ మరిచిపోతారని కాదు, వీడియోలో కథ బాగానే ఉంటుంది, తుఫాను కూడా నిజం తుఫానులాగే ఉంటుంది. బడి నన్ను వదిలేశాక ఒక తలుపు తెరిచి "రా, టీచరూ" అన్నది ఆ వెనకగది ఒక్కటే. అది నాకు కావాలి. అంతే, అందులో త్యాగమేమీ లేదు.

మా సంఘంలో కూటం చివర ప్రార్థన విన్నపాలు అడుగుతారు. ఒకరు వీసా స్టాంపింగ్ అంటారు, ఒకరు గ్రీన్ కార్డ్ అంటారు, డెంటన్ నుంచి వచ్చే స్టూడెంట్లు జాబ్ అంటారు. నేను లేచి "పారలల్ పార్కింగ్" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. పాస్టరు గారు మాత్రం నవ్వు దిగమింగుకుని, "మన చెల్లెమ్మ వాహనమును రెండు కంభముల మధ్య క్షేమముగా నిలుపు ప్రభువా" అని పెద్ద గొంతుతో ప్రార్థించారు.

మొదటి టెస్టులో కారును వెనక్కి నడిపి కంభాల మధ్య నిలబెట్టమంటే, పక్కనున్న గట్టు ఎక్కాను.

రెండో టెస్టులో గట్టు ఎక్కలేదు. నాలుగు రోడ్లు కలిసేచోట, నాలుగు వైపులా స్టాప్ గుర్తులున్నచోట ఆగాను. అక్కడ ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి, అదీ రూలు. ముందు వచ్చింది నేనే. కానీ ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నాడు, పెద్దాయన్ని ఆపి నేను వెళ్ళడమేమిటని చెయ్యి ఊపాను. ఆయన వెళ్ళాడు. కుడివైపు ఒక తల్లి, వెనక సీట్లో బిడ్డ. వెళ్ళమ్మా అన్నాను. ఎడమవైపు స్కూలు బస్సు. బస్సుకు దారివ్వకపోతే ఎలా? అలా ఊరందరినీ సాగనంపుతుంటే, పక్కన కూర్చున్న ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని, "మేడం, మనం ఇవాళ వెళతామా?" అంది.

మూడోసారి ముచ్చట వినండి. కంభాల ముందు కారు ఆపాను. ఏ పని మొదలుపెట్టినా ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. ప్రార్థన అంటే మాకు కళ్ళు మూసుకోవడమే, అది చిన్నప్పుడు మా నాయనమ్మ తల మీద మొట్టి నేర్పిన పాఠం. కళ్ళు మూసుకున్నాను. గేరు మాత్రం డ్రైవ్‌లోనే ఉంది, కాలు బ్రేకు మీద తేలిపోయింది. ఆమేన్ అనేలోగా టంగుమని చప్పుడు. కళ్ళు తెరిస్తే కంభం బానెట్ మీద వాలి ఉంది.

"మేడం, మీరు నిద్రపోయారా?" అన్నాడు ఈసారి వచ్చిన ఆఫీసరు.

"నో సార్, ప్రే."

ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి, ఫెయిల్ అని రాశాడు.

మూడుసార్లు తప్పితే ఆ దరఖాస్తు చెల్లదు. మళ్ళీ మొదటినుంచీ కొత్త ఫారం నింపాలి. ఇంటికొస్తూ దారిలోనే అక్కకు చెప్పేశాను. "కారు అమ్మెయ్ అక్కా. నాకు రాసిపెట్టి లేదు."

"మల్లొకసారి చూడరాదే?"

"మూడు దెబ్బలు నా లెక్క అక్కా. నాలుగోది తినే అలవాటు నాకు లేదు."

అక్క కారు మా బ్లాకు ముందు ఆపింది. దిగేటప్పుడు నా బెల్టు తనే విప్పింది.

ఆ ఆదివారం పాఠం ఓడ ప్రయాణం. నాకు ప్రాణమైన పాఠం, ఇంకో రెండు మూడు వారాల్లో పోబోయే పాఠం. అందుకని ఇంకా రెచ్చిపోయి చెప్పాను. కుర్చీలన్నీ జరిపి ఓడ కట్టాం. ఒక ఊళ్ళో అపొస్తలుణ్ణి రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేస్తే, లేచి దుమ్ము దులుపుకుని ఎక్కడికెళ్ళాడు?

"హాస్పిటల్!" అన్నారు పిల్లలు.

"అదే ఊళ్ళోకి!"

"వాట్! వై?"

"చెప్పులు మరిచిపోయాడేమో, నాకేం తెలుసు. వెళ్ళాడు. మర్నాడు ఇంకో ఊరు బయల్దేరాడు."

తరవాత ఆయన్ని సంకెళ్ళతో ఓడ ఎక్కించిన సంగతి చెప్పాను. ఇది చలికాలం, ఇప్పుడు బయల్దేరవద్దని ఆయన చెబితే, ఓడ నడిపేవాడు వినలేదు. తుఫాను! నేను రెండు చేతులతో బల్ల ఊపాను. సరుకు సముద్రంలో పారేశారు, పిల్లలు బ్యాగులన్నీ మూలకు విసిరేశారు. రోజుల తరబడి ఎండ లేదు, నక్షత్రం లేదు, ఎవరికీ తిండి సయించడం లేదు. అప్పుడు ఆ ఖైదీ రొట్టె తీసి, విరిచి, అందరి ముందూ తిని, "తినండి, ఎవరూ చావరు" అన్నాడు. నేను బిస్కెట్లు పంచాను. ఓడ ఇసుకలో దిగబడి ముక్కలైంది. ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. పిల్లలు కుర్చీల మీదినుంచి కిందికి దూకి, నేల మీద ఈదుతూ గోడ చేరారు.

"ఆంటీ, ఆయన ఓన్ షిప్ ఎందుకు కొనుక్కోలేదు?" అన్నాడు మా కాపెల్ డాక్టరు గారి అబ్బాయి.

"కొనుక్కోలేదురా. ఎప్పుడూ ఎవరి ఓడలోనో ఎక్కేవాడు."

"సో రైడ్ అడిగేవాడు?"

"ఆ, జీవితమంతా రైడే."

నోటినుంచి వచ్చాక ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఆయనకు సొంత ఓడ లేదన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు.

పాఠం అయ్యాక ఒక బొమ్మ వేసి, కింద ఒక్క తెలుగు వాక్యం రాయాలి. అది మా పద్ధతి. ఆయన ప్రయాణాల్లో మూడుసార్లు ఓడ పగిలిందని చెప్పాను, అదే రాయమన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది, ముందుపళ్ళ మధ్య సందు, ఏదైనా ముందు తనే ముగించాలి. బొమ్మ పట్టుకొచ్చింది. నీళ్ళు, విరిగిన చెక్కలు, నవ్వుతున్న గడ్డం మనిషి. కింద వంకరటింకర అక్షరాలతో రెండు ముక్కలు: "మూడుసార్లు ఓడాడు. మళ్ళీ ఎక్కాడు."

"ఓడాడు ఏమిటే? ఓడ పగిలింది అని రాయమన్నాను కదా."

"అదే ఆంటీ. ఓడ. ఓడాడు. ఓడిపోయాడు. మా డాడీ క్రికెట్ చూస్తూ అంటాడు కదా, 'ఛ, ఓడాం' అని."

"అది కాదమ్మా. ఓడ అంటే షిప్పు."

"ఓ! ఐ థాట్ హీ లాస్ట్. త్రీ టైమ్స్."

డాక్టరు గారి అబ్బాయికి వెంటనే వెలిగింది. "లైక్ టీచరాంటీ! ఆంటీ కూడా త్రీ టైమ్స్ ఓడింది! డ్రైవింగ్ టెస్ట్! పాస్టర్ అంకుల్ ఇందాక ఓపెనింగ్ ప్రేయర్‌లో చెప్పాడు!"

గదంతా గోల. ఆ సందుపళ్ళ పిల్ల మాత్రం తన బొమ్మ వైపోసారి, నా వైపోసారి చూసి అడిగింది.

"మరి మళ్ళీ ఎప్పుడు ఎక్కుతారు ఆంటీ?"

అరగంట సేపు బల్ల ఊపి, గొంతు చించుకుని, ఆయన మానలేదు, మానలేదు, మానలేదు అని చెప్పింది నేనే. మొన్ననే కారు అమ్మెయ్యమన్నది కూడా నేనే. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏమని చెప్పను?

"ఎక్కుతానులేవే" అన్నాను. "ముందు నీ తప్పు దిద్దుకో."

ఆ పిల్ల దిద్దడానికి రబ్బరు తీసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "వద్దు. ఇది నాకిచ్చెయ్, వేరే కాగితం మీద రాసుకో."

తిరుగు ప్రయాణంలో అక్కను కారు పక్కకు ఆపమన్నాను.

"ఏందే, కడుపుల తిప్పుతుందా?"

"కొత్త ఫారం నింపుతాను. నన్ను రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకు తీసుకెళ్ళు."

అక్క స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి ఎంత గట్టిగా నవ్విందంటే, హారన్ మోగి పక్క కారువాడు ఉలిక్కిపడ్డాడు. "గట్ల రా తొవ్వకి!"

ఇక చూడండి మా సంబరం. తెల్లారగానే బడి మైదానం పక్కన ఖాళీ పార్కింగ్ స్థలం. అక్క ఇల్లు ఖాళీ చేస్తోంది కదా, కంభాల బదులు చాండ్లర్ వెళ్ళాల్సిన అట్టపెట్టెల్నే నిలబెట్టింది. నేను వెనక్కి వెళ్ళడం, అక్క బయట నిలబడి అరవడం.

"ఎడమకి తిప్పు! ఎడమకే! అది కుడి! అమ్మో నా డబ్బా!"

"ఖాళీదే కదా అక్కా!"

"ఖాళీదెట్లయితది, అండ్ల నా ఇడ్లీ పాత్రలున్నయ్!"

దిగి చూస్తే ఇడ్లీ ప్లేట్లు అప్పడాల్లా అయ్యాయి. "సరుకు సముద్రంలో పారేశామనుకో అక్కా, ఓడ తేలికవుతుంది" అన్నాను. అక్క అట్టముక్క తీసుకుని నన్ను కారు చుట్టూ రెండు రౌండ్లు తరిమింది. ఆ తరవాత పెట్టెల మీద పెద్ద అక్షరాలతో "ఖాళీ" అని రాయించింది. పన్నెండు రోజుల్లో ఏడు పెట్టెల్ని చంపాను. పదమూడో రోజు అన్నీ బతికాయి. పెట్టెకూ పెట్టెకూ మధ్య కారు, చీర మడత పెట్టినట్టు సరిగ్గా అమరింది. ఇద్దరం కారు దిగి ఆ పార్కింగ్ స్థలంలో చప్పట్లు కొట్టుకుంటూ గంతులేశాం. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఆగి, మాకు ఏం మంచి జరిగిందో తెలియకుండానే తనూ చప్పట్లు కొట్టింది.

అక్క ఆదివారం వెళ్ళిపోతుందనగా గురువారం టెస్టు. వచ్చింది ఎవరనుకున్నారు? మూడోసారి వచ్చిన ఆఫీసరే. నన్ను చూసి, బానెట్ మీది సొట్టను చూసి, బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ముందు అద్దం పైన ఎండకు అడ్డంగా దించుకునే పలక వెనక ఆ పిల్ల వేసిన బొమ్మ దోపి ఉంచాను. మడత విప్పలేదు, ఉందని తెలిస్తే చాలు.

కంభాల ముందుకొచ్చాం. నాలుక మీదికి ప్రార్థన వచ్చింది. ఈసారి కళ్ళు రెండూ చేటలంత చేసుకుని, అద్దాల్లోకి చూస్తూ, పెదవులు కదిలిస్తూ వెనక్కి వెళ్ళాను.

"మేడం, ఏం మాట్లాడుతున్నారు?"

"ప్రే సార్. ఐస్ ఓపెన్."

"గుడ్" అన్నాడాయన. "కీప్ దెమ్ ఓపెన్."

కారు ఆగింది. రెండు కంభాలూ నిలబడే ఉన్నాయి. మా నాయనమ్మ చూస్తే నెత్తిమీద ఇంకో మొట్టికాయ వేసేదేమో, దేవుడు మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు.

ఆ తరవాత నాలుగు రోడ్లు కలిసేచోటు. ముందు వచ్చింది నేను. ఎదురుగా పికప్ ట్రక్కులో టోపీ పెట్టుకున్న పెద్దాయన, కుడివైపు ఒక కారు, ఎడమవైపు ఇంకోటి. నా చెయ్యి అలవాటుగా లేవబోయింది. దాన్ని స్టీరింగ్‌కు కట్టేసినట్టు పట్టుకున్నాను. పెద్దాయనా, ఇంకో రోజు మీరు ముందు వెళుదురు గాని. ఇవాళ నా వంతు. వెళ్ళాను. ముగ్గురూ ఆగారు, నాకోసం!

ఆఫీసు ముందు కారు ఆపాక ఆయన చాలాసేపు రాశాడు. చివరకు కాగితం చింపి ఇస్తూ, "కంగ్రాచ్యులేషన్స్. ఆ కంభం ఇంకా మిమ్మల్ని అడుగుతోంది" అన్నాడు. నాలాంటిదానికి నాలాంటి ఆఫీసరే దొరికాడు. నేను దిగి పరుగెత్తాను. బెంచీ మీద కూర్చున్న అక్క నా మొహం చూసి లేచింది, నేను నోరు తెరిచేలోపలే ఏడ్చేసింది.

"మళ్ళీ ఏడ్వొద్దన్నావు కదా అక్కా?"

"నిన్నన్న. నన్ను కాదు."

ఆదివారం మధ్యాహ్నం, అక్క భర్త సామాను ట్రక్కుతో ముందే వెళ్ళిపోయాడు కాబట్టి, అక్కను ఎయిర్‌పోర్టులో దింపే పని నాదైంది. నాలుగేళ్ళు నన్ను మోసిన మనిషి మొదటిసారి కుడివైపు సీట్లో కూర్చుంది. అక్క బెల్టు నేనే లాగి పెట్టాను. 121 మీద ఉన్నంతసేపూ అటు బ్రేకు లేదని తెలిసి కూడా కాలు నొక్కుతూనే ఉంది.

"మెల్లగ పో."

"లారీలు కూడా మనల్ని దాటిపోతున్నాయక్కా."

"పోనీ. ఆళ్ళకేం అర్జెంటో."

దిగేటప్పుడు రెండు సూట్‌కేసులు కిందికి దించి, తాళంచెవి గుత్తిలోంచి తన ఇంటి తాళంచెవి తీసేసుకుని, కారుదొక్కటే నా చేతిలో పెట్టింది. "టైంకి పో. పిల్లలు సూస్తుంటరు" అంది. అంతే, తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆగి చూద్దామంటే వెనక కార్లవాళ్ళు ఆగనివ్వలేదు.

అక్కడినుంచి కాపెల్‌కు పదినిమిషాల దారి. పక్కన ఎవరూ లేకుండా నేను నడిపిన మొదటి పదినిమిషాలు. ఒక మలుపు తప్పి, మళ్ళీ ఎయిర్‌పోర్టుకే వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి, చివరికి ముప్పావుగంటలో చేరాను. హాల్లో పాటలు మొదలైపోయాయి. వెనకగది కిటికీ అద్దానికి తొమ్మిది ముక్కులు ఆనించి ఉన్నాయి. కారు కనిపించగానే లోపల ఎగిరిన ఎగురుడుకు అద్దం అదిరింది.

సందుపళ్ళ పిల్ల అందరికంటే ముందు బయటికి ఉరికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి నడిచి, కింద గీతలు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆంటీ, మీరు టూ స్పాట్స్‌లో పార్క్ చేశారు."

"పెద్ద ఓడే, అంతే పడుతుంది" అన్నాను. "పద, పాఠానికి టైమైంది."